చదువు విలువను కొలిచిన తెలుగు బడులు

బాచుపల్లిలో 1995లో వీఎన్‌ఆర్ విజ్ఞానజ్యోతి ఇంజనీరింగ్ కాలేజీ మొదలైంది. మూడేళ్లకు మాదాపూర్‌లో ఐటీ ఆఫీసుల భవనం సైబర్ టవర్స్ తెరుచుకుంది. బాచుపల్లిలో ఫీజు కట్టే ప్రతి తల్లీతండ్రీ నమ్మేది ఒక్కటే: మార్కులొస్తే ఉద్యోగం వస్తుంది. ఈ నమ్మకాన్ని లెక్కగట్టే పని ఆర్థికవేత్తలు ఎప్పుడో మొదలుపెట్టారు.

చదువు కూడా పెట్టుబడేనని 1960లో థియోడర్ షుల్ట్జ్ వాదించాడు. 1974లో జాకబ్ మిన్సర్ చదివిన ఏళ్లనూ సంపాదననూ ఒక సమీకరణంలో కలిపాడు. మన దగ్గర జంధ్యాల బి.జి. తిలక్ పశ్చిమగోదావరిలో సర్వే చేసి, ఆ ప్రతిఫలం కులాన్ని బట్టి, ఆడామగా తేడాను బట్టి ఎలా మారుతుందో 1987 నాటి పుస్తకంలో చూపారు. అయితే ఈ లెక్కలన్నిటిలో చదువంటే బడిలో గడిపిన ఏళ్లే. పిల్లలు నేర్చుకున్నదెంతో వాటిలో కనబడదు.

ఆ లోటు తీర్చే పెద్ద ప్రయత్నం 2005లో ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే మొదలైంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఐదు జిల్లాల్లో 500 ప్రభుత్వ బడులను లాటరీతో విడదీశారు. కొన్నిటిలో పిల్లల మార్కులు సగటున 5 శాతానికి మించి పెరిగితే, ఆపైన ప్రతి శాతానికీ టీచరుకు 500 రూపాయల బోనస్. రెండేళ్లకు లెక్కల్లో 0.27 ప్రామాణిక విచలనం మేర మెరుగుదల కనిపించింది. అంటే వందమందిలో యాభయ్యో స్థానంలో ఉన్న పిల్ల దాదాపు నలభయ్యో స్థానానికి ఎగబాకడం. బోనస్ లేని సైన్సు, సోషల్‌లో కూడా మార్కులు పెరగడం నాకు అన్నిటికన్నా విలువైన ఫలితం. బట్టీ పట్టించి మార్కులు తెచ్చారన్న అనుమానానికి అది గట్టి జవాబు.

బడికి నేరుగా డబ్బిస్తే మాత్రం కథ వేరు. మొదటి ఏడు మార్కులు పెరిగాయి. రెండో ఏడు గ్రాంటు వస్తుందని ముందే తెలిసిన తల్లిదండ్రులు తమ ఖర్చు తగ్గించుకున్నారు, మెరుగుదలా ఆగిపోయింది.

అదే రాష్ట్రంలో 2008లో 180 గ్రామాల్లో లాటరీ వేసి, పిల్లలకు ప్రైవేటు బడిలో చదివేందుకు వోచర్లిచ్చారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగు, లెక్కల్లో తేడా లేదు, హిందీలో మాత్రం ముందున్నారు. ప్రైవేటు బడి ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతుకన్నా తక్కువ. తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషుకు మారిన పిల్లలు వెనకబడ్డారన్న సూచన కూడా అందులో ఉంది.

అయినా ఇంగ్లీషు వైపే పరుగెందుకు? ఎమిలీ ఆస్టర్, బ్రైస్ స్టైన్‌బర్గ్ 2013లో ప్రచురించిన అధ్యయనం ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడుల్లో కాల్‌సెంటర్ల వంటి ఐటీ సేవల కేంద్రం వెలిసినచోట, దానికి బాగా దగ్గరలోని బడుల్లో చేరికలు 5.7 శాతం పెరిగాయి. పెరుగుదలంతా ఇంగ్లీషు మీడియంలోనే. బాచుపల్లి తల్లిదండ్రుల ఆశను నేను ఇలాగే అర్థం చేసుకుంటాను. కళ్లెదుట కనిపిస్తున్న జీతానికి వాళ్లు స్పందిస్తున్నారు.

2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఇంత పెద్ద మార్పును ముందు కొన్ని బడుల్లో లాటరీతో ప్రయత్నించి, లెక్కలూ తెలుగూ ఏమవుతున్నాయో కొలిచాకే రాష్ట్రమంతా పరచాలన్నది నా అభిప్రాయం.