నర్తకికి పేరు పెట్టిందెవరు?

ఈజిప్టులో బెనీ సుయేఫ్ ప్రాంతంలోని వానా అనే పల్లెలో 1924లో ఒక ఆడపిల్ల పుట్టింది. ఇంట్లో జైనబ్ అని పిలిచారు. ఏలూరు దగ్గర కొవ్వలిలో 1960లో ఇంకొక ఆడపిల్ల పుట్టింది. ఆమెకు విజయలక్ష్మి అని పేరు పెట్టుకున్నారు. ఇద్దరూ పేదింటి పిల్లలే, ఇద్దరికీ డాన్సే బతుకుతెరువైంది. మొదటి ఆమె సామియా గమాల్ అయింది. రెండో ఆమె సిల్క్ స్మిత అయింది. ఆ కొత్త పేర్లు ఇద్దరిలో ఎవరూ తమంతట తాము పెట్టుకున్నవి కావు.

కోలారు జిల్లాలోని మా టేకల్‌లో రైలెక్కి మాలూరు దాటితే బెంగళూరు దగ్గరే. రోజూ ఉద్యోగాలకు వెళ్లొచ్చేవాళ్లున్నారు. ఆ బెంగళూరులో ఇప్పుడు బెల్లీ డాన్స్ కూడా నేర్పుతున్నారు. నేర్చుకున్న అమ్మాయి మొదటిసారి స్టేజి ఎక్కబోతుంటే మైకు పట్టుకున్నాయన అడిగేది ఒకటే: "ఏ పేరు చెప్పమంటారు?" ఆ అమ్మాయి ఏం చెప్పాలో ఆలోచిస్తూ నేను పాత నర్తకుల పేర్లు ఎలా పుట్టాయో చదవడం మొదలుపెట్టాను. ఏ పేరు ఎంత అందంగా ఉందన్నది కాదు, ఎవరు పెట్టారన్నదే అసలు చూడాల్సిన సంగతి అని చదివేకొద్దీ గట్టిగా అనిపించింది.

హైదరాబాదుతో మొదలుపెడతాను. మహ్ లఖా బాయి (1768–1824) నిజాం కొలువులో పాడింది, ఆడింది, ఉర్దూలో గజళ్లు రాసింది. మహ్ లఖా అన్నది దర్బారు ఇచ్చిన బిరుదు. పుట్టినప్పటి పేరు చందా బీబీ. కొలువులో బిరుదుతోనే చలామణి అయినా, గజల్ చివర కవి తన పేరు చెప్పుకునే చోట మాత్రం చందా అనే రాసుకుంది. రాజు ఇచ్చిన పేరు లోకానికి, అమ్మ పెట్టిన పేరు తన కవిత్వానికి. మౌలాలి గుట్ట కింద తల్లి పక్కనే ఆమె సమాధి ఉంది.

మా వైపుకు వస్తే బెంగళూరు నాగరత్నమ్మ (1878–1952). పుట్టింది నంజనగూడులో. చిన్న వయసులోనే మైసూరు కొలువులో పాట, ఆట రెండిటా పేరు తెచ్చుకుని తర్వాత మద్రాసుకు చేరింది. దేవదాసీ ఇంటి ఆడపిల్లకు ముందు పెట్టుకోడానికి తండ్రి ఇంటిపేరు ఉండేది కాదు. ఆ చోట ఊరి పేరో, తల్లి పేరో వచ్చి కూర్చునేది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిలో 'ఎం' మదురై, 'ఎస్' తల్లి షణ్ముఖవడివు. బాలసరస్వతి ముందున్న 'టి' తంజావూరు. లేని ఇంటిపేరును దాచుకోవడానికి కాకుండా, ఎక్కడి నుంచి వచ్చామో చాటడానికి వాడిన అక్షరాలివి. నాగరత్నమ్మ ఆ చాటడంలో ఎక్కడా వెనక్కి తగ్గలేదు. 1910లో కవయిత్రి ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను పూర్తి పాఠంతో అచ్చు వేయించినప్పుడు ఆమె మీద ఎంత దుమారం లేచిందో తెలుగు చదువరులకు తెలుసు.

అంతకు ఒక్క ఏడాది ముందు, 1909లో, మైసూరు సర్కారు తన అజమాయిషీలోని ముజరాయి గుళ్లలో దేవదాసీ సేవను ఆపేసింది. కోలారు అప్పుడు మైసూరు సంస్థానంలోదే. ఆ ఉత్తర్వుతో గుడి దగ్గర ఆడే బతుకుతో పాటు ఆ బతుకు మీద నిలిచిన పేర్లూ చెదిరిపోయాయి. తర్వాతి తరం ఆడపిల్లలు స్టేజికి, నాటకానికి, సినిమాకు వచ్చినప్పుడు ఎక్కడి నుంచి వచ్చారో చెప్పని పేరు కావలసి వచ్చింది.

కైరోలోనూ ఇదే జరిగిందని తెలిసినప్పుడు ఆశ్చర్యపోయాను. 1834లో ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ వీధుల్లో ఆడే నర్తకులను కైరో నుంచి వెళ్లగొట్టాడు. వాళ్లు ఎగువ నైలు వైపు ఎస్నా లాంటి ఊళ్లకు చేరారు. 1850లో ఫ్రెంచి రచయిత ఫ్లోబేర్ ఎస్నాలో కుచుక్ హానెమ్ అనే నర్తకిని కలిసి ఆమె గురించి రాసుకున్నాడు. ఆ రాతతో ఆమె గురించి యూరప్ అంతటా తెలిసిపోయింది. కానీ కుచుక్ హానెమ్ అన్నది అసలు పేరు కాదు, ముద్దుగా పిలిచే పిలుపు. అసలు పేరు ఆ రాతల్లో ఎక్కడా లేదు. ఆమె తన గురించి తాను ఒక్క మాటా మాట్లాడదని, మాట్లాడేదంతా ఫ్లోబేరేనని ఎడ్వర్డ్ సయీద్ 1978లో తన 'ఓరియంటలిజం'లో ఎత్తిచూపాడు. చందా బీబీకి దక్కిన గజల్ చివరి పాదం ఈమెకు దక్కలేదు.

ఆ శతాబ్దం చివరలో కైరోలో మెరిసిన షఫీకా పేరు మాత్రం నాగరత్నమ్మ పేరులాంటిదే. జనం ఆమెను షఫీకా అల్ కిబ్తియ్యా అన్నారు, అంటే కోప్టిక్ క్రైస్తవుల ఇంటి షఫీకా. నాగరత్నమ్మ లాంటివాళ్ల పేరు ఊరిని చెబితే ఈమె పేరు తన వాళ్లను చెప్పింది.

పేర్లు వచ్చే ఈ పద్ధతిని మార్చింది బదియా మసబ్ని. డమాస్కస్‌లో పుట్టిన ఈమె 1926లో కైరోలో సొంత సాలా, అంటే ఆటపాటల హాలు, తెరిచింది. పెళ్లిళ్లలో, వాకిళ్లలో ఆడే ఆటను దీపాలు, వాద్యబృందం, వరసగా కూర్చున్న ప్రేక్షకులు ఉన్న స్టేజి మీదికి ఎక్కించింది. ఇవాళ మనం బెల్లీ డాన్స్ అనుకునే రూపంలో చాలా భాగం ఆమె సాలాలో తీర్చిదిద్దిందే. దాంతోపాటు పేర్లు పెట్టే పనీ సాలా యజమానురాలి చేతికొచ్చింది. జైనబ్‌ను సామియా గమాల్ చేసింది బదియానే. 1949లో రాజు ఫారూక్ సామియాను ఈజిప్టు జాతీయ నర్తకిగా ప్రకటించాడు. అదే సాలాలో తహియా అనే మరో అమ్మాయి, 1933 నాటి 'ఫ్లయింగ్ డౌన్ టు రియో' అనే హాలీవుడ్ సినిమాతో ప్రసిద్ధమైన కారియోకా అనే బ్రెజిల్ ఆటను నేర్చి ఆడింది. జనానికి అది ఎంత నచ్చిందంటే ఆట పేరే ఆమె పేరు చివర అతుక్కుపోయింది. తహియా కారియోకా పేరును యజమాని పెట్టలేదు, చూసినవాళ్లు పెట్టారు. నాకు అన్నిటికంటే నచ్చిన పేరు ఇదే. ఆమె చేసిన పని నుంచి పుట్టింది కదా!

అమెరికాలో కథ ఇంకో రకం. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో 'కైరో వీధి' అని ఒక భాగం కట్టారు. అక్కడి ఆట చూడ్డానికి జనం ఎగబడ్డారు. ఆ తర్వాత 'లిటిల్ ఈజిప్ట్' అన్న పేరు ఊరూరా పాకింది. ఒకరు కాదు, ఎందరో ఆ పేరుతో ఆడారు. 1896లో న్యూయార్క్ ధనికుల విందుకు పోలీసులొచ్చి గొడవైనప్పుడు అక్కడున్న నర్తకి ఆషియా వాబేకూ అదే పేరు. ఫరీదా మజార్ అనే ఆమె అసలు లిటిల్ ఈజిప్ట్‌ను తానేనని 1930లలో కూడా పోట్లాడుతూనే ఉంది. అందరూ వాడుకున్న పేరు చివరికి ఎవరికీ మిగల్లేదు.

ఎదురు దిక్కున మన దేశం పేర్లు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. మిషిగన్‌లో పుట్టిన ఎస్తర్ షెర్మన్ రాగిణీ దేవిగా మారి, కాశ్మీరీ హిందువునని చెప్పుకుని ఆడింది. ఆమె చేసినది నాకు పూర్తిగా నచ్చదు. పుట్టుకను కల్పించుకోవడం వేరు, పేరు మార్చుకోవడం వేరు. అయినా ఆమె కూతురు ఇంద్రాణీ రెహమాన్ కోరాడ నరసింహారావు గారి దగ్గర కూచిపూడి నేర్చుకుని దాన్ని దేశదేశాలకు తీసుకెళ్లిందన్నది మనం మరచిపోకూడని సంగతి.

కూచిపూడి అనగానే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ ఊళ్లో తరతరాలుగా ఆడవేషం కట్టింది మగవాళ్లే. వేదాంతం సత్యనారాయణశర్మ గారు సత్యభామగా జడ పట్టుకుని నిలబడితే ఆడవాళ్లే అసూయపడ్డారంటారు. అయినా ఆయన పేరు ముందు వేదాంతం అనే ఇంటిపేరు చెక్కుచెదరలేదు. నాటకరంగంలో ఎన్నో స్త్రీ పాత్రలు వేసిన స్థానం నరసింహారావు గారూ అంతే. మగవాడు ఆడదానిలా ఆడితే ఇంటిపేరుకు గౌరవం పెరిగింది. ఆడది ఆడదానిలా ఆడితే ఇంటిపేరు దాచాల్సి వచ్చింది. ఇది నన్ను బాధపెట్టే విషయం.

మద్రాసు సినిమాలో పేరు పెట్టే హక్కు దర్శక నిర్మాతలది. అలమేలు మంగ అనే అమ్మాయి జయమాలిని అయింది. ఆ పేరు పెట్టింది జానపద సినిమాల విఠలాచార్య గారు. రాజమండ్రిలో బడి వేడుకలో డాన్స్ చేసిన లలితారాణి 1974లో 'భూమి కోసం'లో చిన్న పాటతో తెరకెక్కి జయప్రద అయింది. శాంతకుమారి డిస్కో శాంతి అయింది.

కొవ్వలి విజయలక్ష్మి సంగతి కొంచెం నిలబడి చెప్పాలి. చదువు నాలుగో తరగతితో ఆగింది. చిన్నప్పుడే పెళ్లి చేశారు, ఆ కాపురం భరించలేక మద్రాసు చేరింది. స్మిత అన్న పేరు పెట్టింది తమిళ రచయిత, నటుడు విను చక్రవర్తి అని కొందరు, మలయాళ దర్శకుడు ఆంటొనీ ఈస్ట్‌మన్ అని కొందరు చెబుతారు. పెట్టినవారిగా ఇద్దరు మగవాళ్ల పేర్లున్నాయి, ఆమె ఏమనుకుందో ఎక్కడా లేదు. 1980లో విను చక్రవర్తి కథతో వచ్చిన తమిళ సినిమా 'వండిచ్చక్కరం'లో ఆమె వేసిన పాత్ర పేరు సిల్క్. ఆ సినిమా హాళ్లను వదిలిపోయినా ఆ పాత్ర ఆమెను వదల్లేదు. మరుసటి ఏడాది 'సీతాకోకచిలుక'లో శరత్‌బాబు భార్యగా నిండు చీరలో, బరువైన పాత్రను ఎంతో నిగ్రహంగా చేసింది. అది చూసినవాళ్లకు ఆమె ఎలాంటి నటో తెలుస్తుంది. కానీ పోస్టరు మీద సిల్క్ అని ఉంటే టిక్కెట్టు కొన్నవాడు పాట కోసమే ఎదురుచూశాడు, నిర్మాత ఆ పాటే అడిగాడు. నాలుగు వందలకు పైగా సినిమాలు చేసి, 1996 సెప్టెంబరు 23న, 36 ఏళ్లు నిండకుండానే పోయింది. 2011లో 'ది డర్టీ పిక్చర్' వచ్చినప్పుడు సిల్క్ అన్న పేరు మళ్లీ టిక్కెట్లు తెచ్చింది. లిటిల్ ఈజిప్ట్ లాగే పేరు మనిషిని విడిచి తన దారిన తాను వ్యాపారం చేసుకుంది.

మా కోలారు జిల్లా ముళబాగిలు వైపు నుంచి వెళ్లిన సౌమ్య తెర మీద సౌందర్య అయింది. ఇంట్లో పెట్టిన పేరుకు సినిమా పేరు ఎంతో దూరం పోలేదు. తెలుగువాళ్లు ఆమెను మా ఇంటి పిల్ల అనుకున్నారు. 2004లో విమాన ప్రమాదంలో పోయినప్పుడు మా వైపు ఎన్నో ఇళ్లల్లో సొంతమనిషి పోయినట్టే ఏడ్చారు.

ఇక మైకు ముందు నిలబడ్డ అమ్మాయి దగ్గరికి వస్తాను. అరబ్బీ పేరు పెట్టుకోవాలనిపిస్తే ముందు ఆ భాష మాట్లాడే వాళ్లను అడగాలి. భక్తితో తలచుకునే పేర్లు, ప్రార్థనలో వచ్చే మాటలు వాడితే వాళ్ల మనసు నొచ్చుకుంటుంది. సామియా, తహియాల పేర్లు వాళ్లకే వదిలేయాలి. అనౌన్సరు తడబడకుండా పలకగలగాలి, ఆ ఊళ్లోనే ఇంకొకరికి ఉండకూడదు. ఒప్పంద పత్రం మీద, బ్యాంకు ఖాతాలో సొంత పేరే ఉండాలి. గురువో, ఈవెంట్ చేసేవాళ్లో ఒక పేరు పెడతామంటే, నచ్చకపోతే వద్దని చెప్పే ధైర్యం ఉండాలి. ఇంట్లో ఇబ్బంది ఉండి అసలు పేరు దాచుకోవలసి వస్తే అందులో తప్పేమీ లేదు. ఎంతోమంది ఆడవాళ్లకు మారుపేరే గొడుగైంది. దాచుకోవాలో చాటుకోవాలో నిర్ణయించేది మాత్రం ఆమే కావాలి.

చాటుకోదలిస్తే నాగరత్నమ్మ దారి ఇప్పటికీ తెరిచే ఉంది. మాలూరు, బంగారపేట, ముళబాగిలు, టేకల్: ఈ ఊళ్లలో ఒకదాన్ని పేరు ముందు పెట్టుకున్న నర్తకిని నేను ఇంతవరకు వినలేదు. వినాలని ఉంది.