ప్రతి కార్డుకూ దాని లెక్క దానికే: వైఫై కార్డు పరీక్షల చరిత్ర

ఈసారి పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. టీ తెచ్చుకొని కూసోండి.

సైట్‌లో కాంక్రీట్ పోసిన రోజు మనం ఏం చేస్తం? లారీ నుంచి కొంచెం మాల్ తీసి 150 మిల్లీమీటర్ల క్యూబులు పోస్తం. కొన్ని 7 రోజులకు, కొన్ని 28 రోజులకు ల్యాబ్‌ల మిషన్‌లో పెట్టి పగలగొడ్తరు. ఆ నాలుగు క్యూబులు పాసైతే స్లాబ్ మొత్తం పాసైనట్టే. దీన్ని శాంపిల్ పరీక్ష అంటరు.

రోజూ రాత్రి ఇంటికి వీడియో కాల్ చేస్తం కదా, ఆ ఫోన్ల, ల్యాప్‌టాప్‌ల ఉన్న వైఫై కార్డుకు ఈ పద్ధతి పనికిరాదు. ఫ్యాక్టరీలో లక్ష కార్డులు తయారైతే లక్షనూ ఒక్కొక్కటిగా పరీక్షిస్తరు. పరీక్షించి ఊరుకోరు, ఒక్కో కార్డుల ఎంత తేడా ఉందో కొలిచి, ఆ దిద్దుబాటు లెక్కను ఆ కార్డు లోపలే రాసిపెడ్తరు. దీన్నే క్యాలిబ్రేషన్ అంటరు. ఈ అలవాటు ఎట్ల వచ్చింది, దాంట్ల మనలాంటి పనోళ్లకు పనికొచ్చేది ఏముంది, అదే ఈ పోస్టు.

మొదలు మనం ఉన్న చోటి నుంచే చూద్దాం. మన కిల్కెన్నీ పక్క జిల్లా వెక్స్‌ఫర్డ్‌లో ఎన్నిస్కార్తీ దగ్గర డాఫ్నీ కాజిల్ అనే ఇల్లు ఉండేది. వైర్‌లెస్ మొనగాడు మార్కోనీ తల్లి అన్నీ జేమ్సన్ ఆ ఇంటి ఆడబిడ్డ. విస్కీ పేరున్న జేమ్సన్‌ల కుటుంబమే. మార్కోనీ 1900లో బ్రిటన్‌లో తీసుకున్న 7777 నంబర్ పేటెంట్ చాలా పేరున్నది. పంపే మిషన్, అందుకునే మిషన్ రెండూ ఒకే శ్రుతిలో ఉండాలనేదే అందులో సంగతి. హార్మోనియం ఒక శ్రుతి, పాడేటాయన ఇంకో శ్రుతి అయితే భజన ఎట్లుంటది? వైర్‌లెస్ కూడా గట్లనే.

1907 అక్టోబర్‌లో ఇదే ఐర్లండ్ పడమటి అంచున, క్లిఫ్డెన్ దగ్గరి బురద నేలలో, మార్కోనీ స్టేషన్ నుంచి అట్లాంటిక్ దాటి కెనడాకు వైర్‌లెస్ తంతి వ్యాపారం మొదలైంది. ఆ స్టేషన్‌కు కరెంటు ఎక్కడిది అనుకున్నరు? చుట్టుపక్కల కూలీలు తవ్వి ఎండబెట్టిన పీట్ మట్టిని కాల్చి ఆవిరి ఇంజన్లు నడిపిండ్రు. చరిత్రలో ఇంజనీర్ల పేర్లు మిగిలినయి, మట్టి తవ్వినోళ్ల పేర్లు మిగల్లేదు. ఆ రోజుల్లో ఒక స్టేషన్ అంటే ఒక్కటే మిషన్. ఇంజనీరు పక్కనే కూసొని, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని, తీగచుట్టలు అటు ఇటు జరుపుతూ శ్రుతి కలిపేటోడు. మిషన్ ఒక్కటే గనుక దిద్దే మనిషి ఒక్కడు సరిపోయిండు.

తర్వాత రేడియోలు, టీవీలు ఫ్యాక్టరీల్లో వేలకొద్దీ తయారైనయి. మన హైదరాబాద్‌లో 1967లో పెట్టిన ఈసీఐఎల్ కంపెనీ టీవీలు మీలో కొందరి ఇండ్లల్లో ఉండే ఉంటయి, ఈసీ టీవీ అనేటోళ్లు. ఆ కాలపు రేడియో, టీవీ ఫ్యాక్టరీలు ఎక్కడివైనా పద్ధతి ఒకటే. సెట్టు లోపల చిన్న చిన్న కాయిల్స్, వాటి మధ్యల తిప్పే మరలు ఉంటయి. లైన్ మీద పనిచేసే మనిషి మీటర్ చూసుకుంటూ, స్క్రూడ్రైవర్‌తో ఒక్కో మర తిప్పి, ముల్లు సరైన చోట నిలబడంగనే ఆపాలె. ఇనుప స్క్రూడ్రైవర్ వాడితే ఆ ఇనుమే కాయిల్‌ను చెడగొడ్తది కాబట్టి ప్లాస్టిక్‌ది వాడేటోళ్లు. చేతి నేర్పు అంటే అది. దిద్దుబాటు ఆ మర తిరిగిన తిరుగుడులనే ఉండేది.

వైఫై కథ 1985లో మొదలైతది. ఆ సంవత్సరం మే నెలలో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ, 2400 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉన్న పట్టీతో పాటు ఇంకో రెండు పట్టీలను, పవర్ హద్దు దాటకుంటే లైసెన్స్ లేకుండా డేటా పంపుకోవడానికి వదిలేసింది. నెదర్లాండ్స్‌లో ఎన్‌సీఆర్ కంపెనీ ఇంజనీర్లు దాని మీద పనిచేసి వేవ్‌ల్యాన్ అనే కార్డు తెచ్చిండ్రు. ఆ జట్టులోని విక్ హేస్ అధ్యక్షుడిగా కమిటీ కూసొని, 1997లో ఐఈఈఈ 802.11 అనే ప్రమాణం రాసింది. వేగం 2 మెగాబిట్లు. 1999లో 11 మెగాబిట్ల 802.11బి వచ్చింది, అదే ఏడాది జూలైలో ఆపిల్ 99 డాలర్ల ఎయిర్‌పోర్ట్ కార్డును ప్రకటించింది. 2003 మార్చిలో ఇంటెల్ సెంట్రినో ల్యాప్‌టాప్‌లతో వైఫై మామూలు సంగతి అయిపోయింది. మన ఇండియాల 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి ఇంట్లా బయటా లైసెన్స్ అక్కర్లేదని 2005లో చెప్పిండ్రు.

ఇక్కడ ఫ్యాక్టరీలకు చిక్కొచ్చి పడ్డది. లక్షల కార్డులు తయారు చేయాలె, ధర తగ్గాలె. ఒక్కో కార్డు మీద మనిషి కూసొని మర తిప్పుకుంటూ ఉంటే కుదరదు. అసలు కార్డులో తిప్పడానికి మరే లేకుండా పోయింది, అంతా చిప్పుల్లోకి పోయింది. అందుకని మర బదులు అంకె వచ్చింది. కార్డులో చిన్న మెమరీ పెట్టి, దిద్దుబాటు అంకెలు దాంట్ల రాసుడు మొదలుపెట్టిండ్రు. కార్డు ఆన్ అయిన ప్రతిసారి ముందుగాల ఆ అంకెలు చదువుకుంటది, తర్వాతనే పనికి దిగుతది.

ఒకే అచ్చులో పోసినయి ఎందుకు వేరే వేరేగా ఉంటయి అని అడగొచ్చు. ఒకే బట్టీల కాలిన ఇటుకలు రెండు పక్కపక్కన పెట్టి చూడండి, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. చిప్పు కూడా అంతే. ఒక చిప్పు కొంచెం గట్టిగా అరుస్తది, ఒకటి మెల్లగా. ముఖ్యంగా మూడు కొలతలు తీస్తరు.

మొదటిది శ్రుతి. కార్డులో క్వార్ట్జ్ క్రిస్టల్ ఉంటది, గడియారంలో లాగ. దాని దెబ్బను బట్టే కార్డు పలికే చోటు నిర్ణయం అయితది. 802.11బి ప్రమాణం పది లక్షల్లో 25 భాగాల తేడా వరకే ఒప్పుకుంటది. 2437 మెగాహెర్ట్జ్ దగ్గర లెక్కేస్తే అది సుమారు 61 కిలోహెర్ట్జ్. తేడా కనిపిస్తే చిప్పు లోపలి చిన్న కెపాసిటర్లను కలుపుతూ తీస్తూ దారిలోకి తెస్తరు.

రెండోది గొంతు, అంటే పవర్. యూరప్‌లో 2.4 గిగాహెర్ట్జ్ మీద హద్దు 100 మిల్లీవాట్లు. ఎక్కువైతే పక్కోడికి ఇబ్బంది, చట్టానికి విరుద్ధం. తక్కువైతే గోడ అవతల సిగ్నల్ ఉండదు. కార్డును కేబుల్‌తో మీటర్‌కు కలిపి, ఒక్కో ఛానల్ మీద పలికించి, ఏ అంకె పెడితే ఎంత పవర్ వచ్చిందో పట్టిక తయారు చేస్తరు.

పవర్‌తో పాటే మాట స్పష్టత కూడా చూస్తరు. ఇది మన భాషల చెప్తా. స్టీల్ కాలమ్ కింద యాంకర్ బోల్టులకు టెంప్లేట్ పెడ్తం కదా. 54 మెగాబిట్ల వేగంలో వైఫై గాలిలో 64 చుక్కల టెంప్లేట్ మీద బోల్టులు పెడుతున్నట్టు. అక్కడ సగటు తేడా 5.6 శాతం దాటొద్దు. వైఫై 6 పైవేగంలో అదే చోట 1024 చుక్కలు. తేడా 1.8 శాతం లోపల ఉండాలె. జాగ అంతే, బోల్టులు పదహారు రెట్లు. వేగం పెరిగినకొద్దీ పరీక్ష ఎందుకు కఠినం అయిందో ఇప్పుడు అర్థమైంది కదా.

మూడోది చెవి. చాలా మెల్లగా మాట్లాడి, వినపడుతుందా అని అడుగుతరు. 54 మెగాబిట్ల దగ్గర కనీస ప్రమాణం, ఒక మిల్లీవాట్‌ను సుమారు 32 లక్షల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం వినాలె. 1000 బైట్ల ప్యాకెట్లు పంపితే నూటికి పది కన్నా ఎక్కువ పోగొట్టుకోవద్దు. అంత చిన్న శబ్దం వినాలంటే చుట్టూ నిశ్శబ్దం కావాలె, ఫ్యాక్టరీల చూస్తే వేల కార్డులు ఒకేసారి మొత్తుకుంటుంటయి. అందుకే ఒక్కోదాన్ని రేడియో తరంగాలు చొరబడని లోహపు పెట్టెలో పెట్టి మూత బిగిస్తరు.

ఈ పరీక్షలకు మొదట్ల పవర్ మీటర్ వేరు, స్పెక్ట్రమ్ అనలైజర్ వేరు, సిగ్నల్ జనరేటర్ వేరు. ఒక్కో కార్డుకు చాలా టైం పట్టేది, టైం అంటే ధర. 2000లో అమెరికాలో పెట్టిన లైట్‌పాయింట్ లాంటి కంపెనీలు ఇవన్నీ ఒకే పెట్టెలో పెట్టి, వైఫై కోసమే టెస్టర్లు చేసినయి. 2011లో టెరడైన్ దాన్ని 510 మిలియన్ డాలర్లకు కొన్నది. పరీక్ష పెట్టె చేసే కంపెనీకే అంత విలువ అంటే, పరీక్ష ఎంత పెద్ద పనో చూడండి.

మరి పరీక్షించే మిషన్‌నే ఎవరు పరీక్షిస్తరు? ముందే కొలిచి పెట్టుకున్న మంచి కార్డు ఒకటి ఉంటది, గోల్డెన్ యూనిట్ అంటరు. రోజూ దాన్ని పెట్టి, అదే లెక్క వస్తుందా అని చూస్తరు. రాకపోతే కేబుల్ అరిగిందా, కనెక్టర్ వదులైందా అని వెతుకుతరు. టెస్టర్‌ను దానికన్నా మేలైన మిషన్‌తో, దాన్ని ఇంకా మేలైనదానితో పోల్చుకుంటూ పోతే, చివరికి దేశం కొలతలు కాపాడే ల్యాబ్ దాకా పోతది. ఐర్లండ్‌కు డబ్లిన్ గ్లాస్నెవిన్‌లో ఎన్ఎస్ఏఐ వాళ్ల జాతీయ కొలతల ల్యాబ్, ఇండియాకు ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ. మన లేజర్ లెవెల్ మీద అంటించే క్యాలిబ్రేషన్ స్టిక్కర్ కూడా ఇట్లాంటి గొలుసుకు చివరి కొసనే.

ఈ గొలుసు తెగితే ఏమైతదో గల్ఫ్‌ల చూసిన. కంపెనీ పేరు వద్దు. లేజర్ లెవెల్ కింద పడ్డది, ఎవ్వరూ చెక్ చేయించలే, స్టిక్కర్ తారీఖు ఎప్పుడో దాటింది. దాంతోనే హాల్ మొత్తం టైల్స్ పడ్డయి. ఈ కొసకు ఆ కొసకు 12 మిల్లీమీటర్ల తేడా. అంతా లేపి మళ్లా వేసినం. మిషన్ రికార్డు లేదు, అందుకని తప్పు మిషన్‌ది అని చూపెట్టే దారి లేదు. కోత టైల్స్ వేసిన కూలీల జీతంలనే పడ్డది.

కార్డు ఫ్యాక్టరీలో గట్ల జరగడం కష్టం. ప్రతి కార్డు సీరియల్ నంబర్ కింద దాని కొలతలు, ఏ టెస్టర్, ఏ తారీఖు, అన్నీ కంప్యూటర్‌లో ఉంటయి. పది కార్డులు ఫెయిలైతే క్రిస్టల్ లాట్ చెడ్డదా, కేబుల్ చెడ్డదా అని లెక్కలు చూసి చెప్పొచ్చు. రాసిపెట్టిన అంకె ఉన్న చోట కింద ఉన్నోడి మీద నింద వేయడం అంత తేలిక కాదు.

ఈ పని ఎక్కడెక్కడ తిరిగిందో కూడా చూడండి. ఇక్కడ లిమరిక్‌లో డెల్ 1991 నుంచి కంప్యూటర్లు బిగించింది. 2009 జనవరిలో 1,900 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు చెప్పి, ఆ పనిని పోలండ్‌లోని వూచ్‌కు తీసుకపోయింది. ఐరిష్ వాళ్లకు కూడా ఉద్యోగం దేశం దాటిపోయిన బాధ తెలుసు.

మన దిక్కు చూస్తే, 2001లో వెంకట్ మట్టెల మొదలుపెట్టిన రెడ్‌పైన్ సిగ్నల్స్ హైదరాబాద్‌లో తక్కువ కరెంటు తినే వైఫై చిప్పులు డిజైన్ చేసింది. 2020లో సిలికాన్ ల్యాబ్స్ దాని వైర్‌లెస్ భాగాన్ని 308 మిలియన్ డాలర్లకు కొన్నది. 2015లో శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో షావోమీ ఫోన్ల తయారీ మొదలైంది. లైన్ మీద ఎక్కువ మంది ఆడపిల్లలే. వాళ్లు ఫోన్‌ను పెట్టెలో పెట్టి, మూత వేసి, స్క్రీన్ మీద పాస్ వచ్చేదాకా చూసి, తీసి పక్కన పెడ్తరు. మన రాత్రి కాల్ వెనక అట్లాంటి చెల్లెలు ఒకామె చెయ్యి ఉంటది.

ఇగ మనకు పనికొచ్చే మాటలు రెండు.

ఒకటి, ఒకే ఇంట్ల ఐదారుగురు ఉండేటోళ్లకు. సిగ్నల్ పెరుగుతదని రౌటర్‌ల దేశం పేరు మార్చే చిట్కాలు తిరుగుతున్నయి. అది ఇక్కడి చట్టానికి విరుద్ధం. పైగా కార్డును దాని హద్దు దాటి అరిపిస్తే గొంతు బొంగురు పోతది, బోల్టులు టెంప్లేట్ తప్పుతయి, వేగం పెరిగే బదులు తగ్గొచ్చు. దానికన్నా రౌటర్‌ను మూల నుంచి తీసి, ఇంటి నడుమ ఎత్తులో పెట్టండి.

రెండోది ముఖ్యమైనది. సైట్‌లో లేజర్, టోటల్ స్టేషన్, ఏది చేతికిచ్చినా ముందు స్టిక్కర్ మీద తారీఖు చూడండి, ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. తారీఖు దాటితే మర్యాదగా అడగండి, అడిగిన సంగతి వాట్సాప్‌ల రాసి పంపండి. ఆ ఫొటోకు అర నిమిషం పడ్తది. ఆ హాల్‌లో టైల్స్ వేసిన వాళ్ల దగ్గర అట్లాంటి ఫొటో ఒక్కటి ఉంటే, ఆ నెల జీతం ఇంటికి పూర్తిగా పోయేది.