బాణీ ఎవరిది?

పోయిన బతుకమ్మ సెలవుల్లో మా అక్క కూతురు ఫోన్‌లో ఏదో ఆట ఆడుతూ ఆడుతూ ఆపేసింది. ఆట ఆగినా దాని వెనక సంగీతం ఆగలేదు. దాన్నే వింటూ కాసేపు కూర్చుని, "చిన్నమ్మా, ఇట్ల ఆటలకు సంగీతం కట్టేటోళ్లల్ల ఆడోళ్లు ఉంటరా?" అని అడిగింది. ఇంటర్ చదువుతోంది. కంప్యూటర్‌లో తనకు తాను చిన్న చిన్న బాణీలు కట్టుకుంటోందని మా అక్క చెప్పగా విన్నాను.

ఉన్నారని చెప్పాను. జపాన్‌లో యోకో షిమొమురా ఉంది. ఒసాకా సంగీత కళాశాలలో పియానో చదివి, 1988లో క్యాప్‌కామ్ అనే ఆటల కంపెనీలో చేరింది. పియానో నేర్చినవాళ్లు ఇలాంటి పనికి పోవడమేమిటని అప్పట్లో ఆమె గురువులు, స్నేహితులు నిరుత్సాహపడ్డారట. 1991లో వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’కు చాలావరకు సంగీతం ఆమెదే. అప్పటి ఆటల కంపెనీల అలవాటు ప్రకారం అందులో ఆమె అసలు పేరు లేదు, ఒక ముద్దుపేరు ఉంది. ఐస్‌లాండ్‌లో హిల్డుర్ గుడ్నడోట్టిర్ ఉంది. ‘చెర్నోబిల్’ టీవీ సీరియల్‌కు 2019లో ఎమ్మీ, ‘జోకర్’ సినిమాకు 2020లో ఆస్కార్ అందుకుంది. 2021లో ‘బ్యాటిల్‌ఫీల్డ్ 2042’ అనే ఆటకు శామ్ స్లేటర్‌తో కలిసి సంగీతం కట్టింది. టీవీ, సినిమా, ఆట మూడూ ఒకే మనిషి చేతిలో ఉన్నాయి.

"మనోళ్లల్ల?" అంది పిల్ల.

అక్కడ తడబడ్డాను. సినిమా సంగీతంలో శ్రీలేఖ పేరు ఒక్కటే వెంటనే నోటికొచ్చింది. స్త్రీల పాటల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నదాన్ని నేను!

ఆ రాత్రి కూర్చుని వెనక్కి లెక్కపెట్టుకున్నాను. ఎం.ఎం. శ్రీలేఖ 1994లో దాసరి నారాయణరావు ‘నాన్నగారు’తో మొదలుపెట్టి, 1995లో ‘తాజ్‌మహల్’తో నిలదొక్కుకున్నారు. 2022లో ‘హిట్ 2’కు కూడా పాట కట్టారు. తెలుగులో తొలి మహిళా సంగీత దర్శకురాలు అని ఆమె గురించి తరచుగా చదువుతుంటాం. కానీ 1954లో భరణీ వారి ‘చక్రపాణి’కి సంగీతం భానుమతి కట్టారు. నటి, గాయని, నిర్మాత, దర్శకురాలు, ‘అత్తగారి కథలు’ రచయిత్రి అని ఆమెను ఇన్ని రకాలుగా తలుచుకునే మనం ఈ ఒక్క పనిని మాత్రం జాబితా చివర కలుపుతాం, లేదా కలపం. 1968లో సావిత్రి దర్శకత్వం వహించిన ‘చిన్నారి పాపలు’కు సంగీతం పి. లీలది. ఆ సినిమాలో ముఖ్యమైన శాఖలు ఎక్కువగా స్త్రీల చేతిలోనే ఉన్నాయి. మరుసటి ఏడు సావిత్రి అదే కథను తమిళంలో తీసినప్పుడు సంగీతం ఎస్.పి. కోదండపాణికి వెళ్లింది. లీల మన జ్ఞాపకంలో ‘లవకుశ’ గాయనిగానే మిగిలారు. భానుమతి, లీల ఇద్దరూ 2005లో, రెండు నెలలైనా తేడా లేకుండా వెళ్లిపోయారు.

1954, 1968, 1994. ప్రతిసారీ ఒక ‘తొలి మహిళ’ పుడుతోంది. ఎవరైనా మొదటిది కావడం గొప్పే. కానీ నలభై ఏళ్లలో ముగ్గురు మొదటివాళ్లు ఉన్నారంటే మనం ఒకరినీ గుర్తుపెట్టుకోలేదని అర్థం. ‘తొలి’ అనే మాట పొగడ్తలా వినిపిస్తుంది, చేసే పని మాత్రం వెనకటివాళ్లను చెరిపేయడం. శ్రీలేఖకు ముందు దారి ఉందని చెబితే ఆమె గొప్ప తగ్గదు. మా పిల్లలాంటి వాళ్లకు ధైర్యం పెరుగుతుంది.

పాడటానికి స్త్రీలకు అడ్డు లేదు. సుశీల, జానకి, లీల, జిక్కి గొంతులు లేకుండా మన సినిమా లేదు. పాడే గొంతు కావాలి, కానీ ఏం పాడాలో చెప్పే నోరు అక్కర్లేదు. ముప్పై నలభై మంది వాయిద్యకారుల ముందు నిలబడి ‘ఇలా కాదు, అలా వాయించండి’ అనడం సంగీతమొక్కటే కాదు, అధికారం కూడా. ఇది మన దగ్గరే కాదు. ‘ఎమ్మా’ సినిమాకు 1997లో రేచల్ పోర్ట్‌మన్ అందుకునేదాకా నేపథ్య సంగీతానికిచ్చే ఆస్కార్ ఒక స్త్రీ స్వరకర్తకు రాలేదు. ఆటల సంగీతానికి గ్రామీ వాళ్లు ప్రత్యేక బహుమతి పెట్టింది 2023లో. మొదటిది స్టెఫనీ ఎకనోముకు, 2025లో వినిఫ్రెడ్ ఫిలిప్స్‌కు వచ్చింది. మూడేళ్లలో ఇద్దరు స్త్రీలు! గౌరవం లేని పని దగ్గర తలుపులు అంత గట్టిగా వేసి ఉండవని నాకు అనిపిస్తుంది. షిమొమురా గురువులు చిన్నచూపు చూసిన చోటే ఆమెకు చోటు దొరికింది. ఇప్పుడు అక్కడికీ డబ్బూ పేరూ వచ్చాయి. ఇకమీద ఆ తలుపు దగ్గర ఎవరు నిలబడతారో చూడాలి.

ఆటల సంగీతానికి ఒక చిత్రమైన లక్షణం ఉంది. సినిమాలో సన్నివేశం నిడివి ముందే తెలుస్తుంది. ఆటలో తెలియదు. ఆడే మనిషి ఒక గదిలో నిమిషం ఉండొచ్చు, గంట ఉండొచ్చు. అందుకని బాణీని ముక్కలుగా కడతారు. విసుగు రాకుండా తిరగాలి, ఎక్కడ తెగినా ఇంకో ముక్కకు అతకాలి. ఇది వివరిస్తుంటే మా పిల్ల, "బతుకమ్మ పాట లెక్కనే గదా" అంది.

అవును. కోమటి చెరువు కట్ట మీద సద్దుల బతుకమ్మ నాడు వలయం ఎంత పెద్దదైతే పాట అంత సాగాలి. కొత్తగా వచ్చినవాళ్లు కలవాలి, అలిసినవాళ్లు తప్పుకోవాలి, పాట తెగకూడదు. ఎక్కడ సాగదియ్యాలో, ఎక్కడ మలపాలో ముందు పాడే మనిషి అప్పటికప్పుడు తేలుస్తుంది. మా అమ్మమ్మ అట్లాంటి మనిషి. నా పరిశోధన కోసం ఆమె పాటలు రికార్డు చేసుకుంటున్నప్పుడు ఒక పాట దగ్గర ఆగి, "అందరు ఇట్ల పాడరు బిడ్డా. గీ మలుపు నేను పెట్టిందే. మీ అమ్మ కడుపుల ఉన్నప్పుడు పెట్టిన" అంది.

విన్నాను, నవ్వాను, టేపు ఆపలేదు. సిద్ధాంత వ్యాసం అనుబంధంలో ఆ పాట కింద ఇలా ఉంది: సేకరణ, నా పేరు. కర్త, అజ్ఞాతం.

ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. జానపదానికి కర్త ఉండడని చదువుకున్నాను, అదే రాశాను. స్త్రీల చరిత్రను ఎవరో తొక్కిపెట్టారని పేజీల కొద్దీ వాదించిన వ్యాసంలోనే, ఎదురుగా కూర్చుని ‘ఇది నాది’ అని చెప్పిన మనిషిని అజ్ఞాతం చేశాను. సినిమా వాళ్లు భానుమతిని మరిచిపోయారని ఇప్పుడు ఏ మొహంతో అనను?

1986లో స్త్రీశక్తి సంఘటన తెలంగాణ పోరాట స్త్రీల మాటలను ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చినప్పుడు, చెప్పిన వాళ్ల పేర్లతోనే తెచ్చింది. అది చదివే నేను పరిశోధనకు వచ్చాను. చదవడం వేరు, నేర్చుకోవడం వేరు అని తెలియడానికి ఇంతకాలం పట్టింది.

అమ్మమ్మ ఇప్పుడు లేదు. టేపు ఉంది. మొన్న దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి మా పిల్లకు ఇచ్చాను. ఆ మలుపు దగ్గర మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నది. "చిన్నమ్మా, దీన్ని నా బాణీల వాడుకోవచ్చా?" అంది. వాడుకోమన్నాను. ఒక్క షరతు పెట్టాను: కింద పేరు రాయాలి.

నా వ్యాసం ప్రతిలో ‘అజ్ఞాతం’ కొట్టేసి, పక్కన పెన్నుతో అమ్మమ్మ పేరు రాసుకున్నాను. విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఉన్న ప్రతిలో అది ఇంకా అలాగే ఉంది.