అంచున మిగిలే తెల్ల గీత: ఫొటోలో బ్యాక్‌గ్రౌండ్ రంగును శుభ్రంగా తొలగించడం ఎలా?

తెల్ల కాగితంపై ఉన్న లోగోను స్కాన్ చేసి ఎర్రటి పోస్టర్‌పై పెడితే అక్షరాల చుట్టూ సన్నని తెల్లటి అంచు కనిపిస్తుంది. డిజిటల్ సంతకాలు, సంస్థల ముద్రలు, పెళ్లి శుభలేఖల బొమ్మల్లోనూ ఇదే ఇబ్బంది. సాఫ్ట్‌వేర్ మారిస్తే ఇది పోదు. తొలగించే పద్ధతి మారాలి.

అంచు ఎందుకు మిగులుతుంది?

కంటికి అక్షరం నలుపు, కాగితం తెలుపు. కానీ ఆ రెండూ కలిసే చోట పిక్సెళ్లలో రెండు రంగులూ కలిసి ఉంటాయి. 0 నలుపు, 255 తెలుపు అనుకుంటే, అంచులోని ఒక పిక్సెల్ విలువ 128 దగ్గర ఉండొచ్చు. అంటే అందులో సగం సిరా, సగం కాగితం.

మ్యాజిక్ వాండ్ లాంటి టూల్ ఒక్కో పిక్సెల్‌ను ఉంచాలా, తీసేయాలా అనే చూస్తుంది. ఉంచితే ఆ బూడిద రంగు పోస్టర్‌పై మరకలా కనిపిస్తుంది. టాలరెన్స్ పెంచి తీసేస్తే అక్షరం అంచు రంపపు పళ్లలా తయారవుతుంది. వంపులు ఎక్కువగా ఉండే తెలుగు లిపిలో ఈ లోపం త్వరగా బయటపడుతుంది.

పరిష్కారం: రంగును విడదీయడం

సరైన పద్ధతిలో ఆ బూడిద పిక్సెల్ 50 శాతం పారదర్శకమైన నలుపుగా మారుతుంది. అప్పుడు ఎరుపుపై పెడితే అది ముదురు ఎరుపుగా కలిసిపోతుంది. ప్రతి పిక్సెల్‌కూ పారదర్శకతను నమోదు చేసే ఈ సమాచారాన్ని ఆల్ఫా ఛానెల్ అంటారు. 1970ల చివర్లో ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ ఈ భావనను రూపొందించారు. దాంతో చిత్రాలను ఒకదానిపై ఒకటి పేర్చే లెక్కలను 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ సూత్రీకరించారు.

ఉచితంగా దొరికే గింప్‌లో ఈ పనికి ‘కలర్ టు ఆల్ఫా’ ఉంది.

1. ఫజీ సెలెక్ట్ టూల్‌తో బ్యాక్‌గ్రౌండ్‌ను ఎంచుకోవాలి. ‘అ’, ‘ం’ వంటి అక్షరాల లోపలి ఖాళీలనూ షిఫ్ట్ నొక్కి కలుపుకోవాలి.
2. సెలెక్ట్ మెనూలోని ‘గ్రో’తో ఆ ఎంపికను 2 పిక్సెళ్లు పెంచాలి. అప్పుడు అంచు కూడా అందులోకి వస్తుంది.
3. కలర్స్ మెనూలో ‘కలర్ టు ఆల్ఫా’ తెరిచి, కాగితం రంగును ఐడ్రాపర్‌తో చిత్రం నుంచే తీసుకోవాలి. స్కాన్ చేసిన కాగితం అచ్చమైన తెలుపు కావడం అరుదు.
4. కాగితం మచ్చలు మిగిలితే ట్రాన్స్‌పరెన్సీ థ్రెషోల్డ్‌ను కాస్త పెంచాలి. సిరా పలచబడితే ఒపాసిటీ థ్రెషోల్డ్‌ను తగ్గించాలి.
5. కింద ముదురు రంగు లేయర్ పెట్టి, జూమ్ చేసి అంచులు చూడాలి.

మొదటి రెండు మెట్లు వదిలేసి చిత్రం మొత్తానికీ ఇదే ప్రయోగిస్తే లోగోలోని లేత గులాబీ సగం పారదర్శకమైన ఎరుపైపోతుంది. మనిషి ఫొటోలో తెల్ల చొక్కా, కంటి తెల్లగుడ్డు మాయమవుతాయి.

ఫొటోషాప్‌లో లేయర్ మెనూలోని మ్యాటింగ్ కింద ‘రిమూవ్ వైట్ మ్యాట్’, ‘డీఫ్రింజ్’ ఇలాంటి అంచులను సరిచేస్తాయి. జుట్టుకు ‘సెలెక్ట్ అండ్ మాస్క్’లోని ‘డీకంటామినేట్ కలర్స్’ మేలు.

పరిమితి ఎక్కడ?

బ్యాక్‌గ్రౌండ్ రంగు తెలిసినా, ఒక్క ఫొటో నుంచి అసలు రంగును, పారదర్శకతను కచ్చితంగా విడదీయడం సాధారణంగా అసాధ్యమని ఆల్వీ రే స్మిత్, జేమ్స్ బ్లిన్ 1996లో చూపించారు. అదే వస్తువును రెండు వేర్వేరు రంగుల ముందు తీస్తే లెక్క తేలుతుంది. సిరా నలుపేనని ముందే తెలుసు కాబట్టే సంతకం సులువు, జుట్టు కష్టం. ఆకుపచ్చ తెర ముందు నిలబడితే ఆ రంగు చర్మంపైనా ప్రతిఫలిస్తుంది. అందుకే తెరకు కాస్త దూరంగా నిలబెట్టి ఫొటో తీస్తారు.

పని పూర్తయ్యాక ఫైల్‌ను పీఎన్‌జీగా భద్రపరచాలి. జేపీఈజీలో పారదర్శకత ఉండదు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే పారదర్శకత పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే నిలుస్తుంది.

పాస్‌పోర్టు ఫొటోకు మాత్రం ఈ దారి వద్దు. సాఫ్ట్‌వేర్‌తో మార్చిన చిత్రాలను అక్కడ అంగీకరించరు. తెల్ల గోడ ముందు, నీడ పడకుండా మళ్లీ తీయించుకోవడమే మార్గం.