వృద్ధుల అల్పవ్యయ గృహములు – ప్రభుత్వ ధనసహాయము (దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతములు)

స్వల్పాదాయముగల వయోవృద్ధులు తమకు అలవడిన పేటను విడువక, తమ శక్తికి మించని వ్యయముతో నివసించుటకై నిర్మింపదలచిన గృహములకు ప్రభుత్వ ద్రవ్యమును అర్థించుటయు, ఆ యర్థనను పరిశీలించి మంజూరు చేయుటయు ఈ వ్యాసమునకు విషయము. తూర్పు హైదరాబాదున ఇట్టి ప్రయత్నమునకు ప్రధానమైన చిక్కు ఒక్కటే: కట్టడమునకు ధనమిచ్చు శాఖ వేరు, పోషణకు ధనమిచ్చు శాఖ వేరు.

శాసనాధారము

1999 జనవరిలో వెలువడిన జాతీయ వయోవృద్ధుల విధానము, అల్పాదాయ వర్గముల గృహపథకములలో నూటికి పది ఇండ్లో స్థలములో వృద్ధులకు కేటాయింపవలెనని పలికినది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము తన 19వ విభాగమున, జిల్లాకు కనీసమొక్కటిగా ఆరంభించి, 150 మంది నిరుపేద వృద్ధులకు తావు చాలునట్టి ఆశ్రమములను సులభముగా చేరదగిన చోట్ల నెలకొల్పు అధికారమును రాష్ట్ర ప్రభుత్వములకు ఒసగినదే కాని, గడువును విధింపలేదు. 2018 డిసెంబరు 13న అశ్వనీకుమార్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ప్రతి జిల్లాలో ఎన్ని వృద్ధాశ్రమములు గలవో సమాచారము సేకరింపుమని కేంద్ర ప్రభుత్వమును ఆదేశించినది.

ధనమార్గములు

కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ 1992 నుండి స్వచ్ఛంద సంస్థలకిచ్చుచున్న గ్రాంటు, 2021 నుండి అటల్ వయో అభ్యుదయ యోజనలో అంతర్భాగమైనది. 25 మంది నిరుపేద వృద్ధులకొక ఆశ్రమము, 50 మంది వృద్ధస్త్రీలకొక ఆశ్రమము అను కొలతలపై లభించు ఈ ధనము భోజనము, వైద్యము, సిబ్బంది జీతములవంటి నిర్వహణ వ్యయములకు ఉద్దేశింపబడినది. కట్టడమునకు 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస యోజనను ఆశ్రయింపవలెను. భాగస్వామ్య గృహనిర్మాణమున ఆర్థికముగా వెనుకబడినవారి ఇంటికి 1.5 లక్షల రూపాయల కేంద్ర సహాయమును, కేటాయింపులలో వయోవృద్ధులకు ప్రాధాన్యమును అందు గలవు. 2013 నాటి కంపెనీల చట్టము ఏడవ షెడ్యూలు వృద్ధాశ్రమ స్థాపనను కంపెనీల సామాజిక బాధ్యతలలో చేర్చినందున, అదియు ఒక ఆధారమే.

తెలంగాణ ప్రభుత్వము 2015లో ఆరంభించిన రెండు పడకగదుల ఇండ్ల పథకము 560 చదరపు అడుగుల ఇంటిని గృహిణి పేర ఉచితముగా ఒసగినది. అది కుటుంబమును ఉద్దేశించిన కొలత. పైగా ఆ పథకమున అతిపెద్ద సముదాయమైన, 15,660 ఇండ్లుగల కొల్లూరు, నగరమునకు పడమటి అంచున నున్నది. దిల్‌సుఖ్‌నగర్‌లో జీవితమంతయు గడపిన ఒంటరి ముదుసలికి అది మరియొక ఊరే.

అభ్యర్థన స్వరూపము

సంస్థ మొదట నీతి ఆయోగ్ వారి దర్పణ్ పోర్టల్‌లో నమోదై గుర్తింపు సంఖ్య పొంది, రిజిస్ట్రేషను పత్రములను, తనిఖీయైన లెక్కలను జతపరచి, ఈ-అనుదాన్ అను ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా సామాజిక న్యాయ శాఖ గ్రాంటును కోరవలెను. గృహనిర్మాణ ధనమునకు వేరొక దస్త్రము, వేరొక పరిశీలన.

అభ్యర్థనకు ప్రాణము నిర్వహణపు లెక్క. రాష్ట్ర ప్రభుత్వపు ఆసరా వృద్ధాప్య పింఛను 2019లో నెలకు 2,016 రూపాయలైనది. అందు మూడవవంతు అద్దెగా గ్రహించినను ఒక్కొక్కరినుండి వచ్చునది 672 రూపాయలు. లిఫ్టు మరమ్మతు, నీటి బిల్లు, రాత్రి కాపలావాని జీతము, ఆయా జీతము దానితో తీరవు. కావున కట్టడము ఉచితముగా లభించినను, నెలనెల ఏర్పడు లోటును ఎవరు పూరింతురో చెప్పని దరఖాస్తు అసంపూర్ణమే యగును.

ప్రాంతవిశేషములు

ఎల్బీనగర్ 2007 ఏప్రిల్ 16న మహానగరపాలక సంస్థలో విలీనమగువరకు ప్రత్యేక పురపాలకము. నేడు రంగారెడ్డి జిల్లాలోనిది. దిల్‌సుఖ్‌నగర్ హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాల సరిహద్దున నుండుటచే, స్థలము ఏ వీధిలోనిదో దానినిబట్టి దస్త్రము చేరవలసిన కలెక్టరు కార్యాలయము మారును. రంగారెడ్డి కలెక్టరేటు 2022 నుండి కొంగరకలాన్‌లో నున్నది. కోచింగ్ కేంద్రములకై వచ్చు విద్యార్థుల హాస్టళ్ళు గదులకు గిరాకి పెంచగా, స్థిరాదాయము లేని వృద్ధులకు అద్దెలు భారమగుచున్నవి. ఐనను చట్టము కోరిన సులభప్రాప్యత ఇచట సమృద్ధిగా గలదు: 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట–ఎల్బీనగర్ మెట్రో ఆరంభమైనది, కొత్తపేట పండ్ల మార్కెట్టు స్థలమున ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగినది.

ఇతర దేశములు, మూల్యాంకనము

అమెరికాలో 1959 నాటి గృహనిర్మాణ చట్టపు 202వ విభాగము తొలుత లాభాపేక్షలేని సంస్థలకు తక్కువ వడ్డీకి ఋణములిచ్చి, 1990 తరువాత నిర్మాణమునకు మూలధనమును, వృద్ధుడు చెల్లింపగల అద్దెకును వాస్తవ వ్యయమునకును నడుమ గల అంతరమును పూరించు సహాయమును ఒక్కచోటనే సమకూర్చినది. నలువది సంవత్సరములు పేద వృద్ధులకే వినియోగించినచో ఆ మూలధనమును తిరిగి చెల్లింపనక్కరలేదు. మనకు కొరవడినది ఈ సంధానమే. జీవితమంతయు శ్రమించి ఈ పేటలను పెంచిన వృద్ధులకు ఇట్టి గృహములు భిక్షలు కావు, సమాజము తీర్చవలసిన ఋణములు. స్థలపు లీజు, కట్టడపు ధనము, నెలవారీ లోటు అను మూడింటిని ఒక్క దరఖాస్తుపై, ఒక్క గడువులో, ఒక్క అధికారి నిర్ణయించు ఏర్పాటును రాష్ట్ర ప్రభుత్వము తన నియమములలో చేర్చుట తక్షణ కర్తవ్యము.