మగ్గమెక్కని వస్త్రము

కదురును రాట్నమును లేక, కేవలము విద్యుద్బలముచేతనే పోగు తీయవచ్చునను భావమునకు మూలము మిక్కిలి ప్రాచీనము. 1600లో ఆంగ్ల శాస్త్రవేత్త విలియం గిల్బర్టు, రాపిడిచేత విద్యుదావేశము నొందిన తృణమణిని నీటిబొట్టు చేరువకుఁ గొనిపోగా, ఆ బొట్టు శంక్వాకృతిఁ దాల్చి మణివైపునకు సాగుటను గమనించి గ్రంథస్థము చేసెను. 1902 నాటికి అమెరికాలో జాన్ ఫ్రాన్సిస్ కూలీయు, విలియం జేమ్స్ మార్టనును విద్యుత్తుచేఁ బోగు తీయు ఈ విద్యకు పేటెంట్లు పొందిరి.

దీని ప్రక్రియ చూచుటకు సరళము. పాలిమరును ద్రావకమునఁ గరగించి, సన్నని సూదికొనయందు నిలిపి, వేలకొలఁది వోల్టుల విద్యుత్తును ప్రసరింపఁజేసినచో, బొట్టుమీఁది ఆవేశములు ఒండొంటిని వికర్షించుకొనుచు, దాని తలతన్యతను జయించి, ధారగా వెలికుఱుకును. ఆ ధార గాలిలో సుళ్లు తిరుగుచు, సాగి సాగి సన్నబడి, ద్రావకము ఆవిరికాఁగా, మైక్రోనులో కొన్ని వంతుల వ్యాసము మాత్రమే గల పోగుగా ఎదుటి పలకపైఁ జిక్కుపడి పరచుకొనును.

ఆ చిక్కే తొలినాటి వారికి తలనొప్పియయ్యెను. కృత్రిమ పట్టునూలు తీయవలెనని 1934 మొదలు వరుసగా పేటెంట్లు పొందిన జర్మను దేశీయుఁడు ఆంటన్ ఫార్మ్‌హాల్స్, పోగులను తిరుగు చక్రముపైఁ బట్టి సమాంతరముగాఁ గూర్చుటకును, అవి తడియాఱక అంటుకొనకుండఁ జేయుటకును ఏండ్లతరబడి శ్రమించెను. ఆయన లక్ష్యము మగ్గమునకుఁ బనికివచ్చు నూలు.

నూలును గోరనివారికే ఆ విద్య వశమగుట విచిత్రము. 1938లో మాస్కో నగరమందలి కార్పోవ్ పరిశోధనాలయమున రోజెన్‌బ్లూమ్, పెత్ర్యానోవ్-సొకొలోవ్ అను శాస్త్రజ్ఞులు నైట్రోసెల్యులోజు ద్రావణమును సూక్ష్మ బిందువులుగాఁ జిమ్మఁబూనఁగా, బిందువులకు మాఱుగా పోగులు లభించెను. వానిని విడఁదీయ యత్నింపక, ఆ చిక్కుపొరనే వడపోతకు వినియోగించిరి. పోగుల నడుమ సందులు మిక్కిలి సూక్ష్మములగుటచేతను, వానియందు నిలిచిన విద్యుదావేశము ధూళికణముల నాకర్షించుటచేతను, ఊపిరికి అడ్డు లేకయే గాలి శుద్ధియయ్యెను. మఱుసటి యేఁట, నాడు కలీనినని పిలువఁబడిన త్వేరు నగరమున విషవాయువులనుండి కాపాడు ముసుగుల కొఱకు ఈ పొరలను తయారుచేయు కర్మాగారము వెలసెను.

ఆచరణ ముందుగా సాగఁగా, దానికి గణితము వెనుక వచ్చినది: సూదికొన బొట్టు శంకువగుటకుఁ గారణమును 1964లో జెఫ్రీ టేలర్ నిరూపించెను. 1990 తరువాత ఏక్రన్ విశ్వవిద్యాలయమున రెనెకర్ చేసిన పరిశోధనలచేత ఈ విద్యకు ప్రపంచఖ్యాతి గలిగెను. అయినను ఒక్క సూదినుండి వెడలు పదార్థము అత్యల్పము. ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో చెక్ దేశపు లిబెరెట్స్ నగరమున యిర్సాక్ బృందము, ద్రావణమునఁ దిరుగు రోలరు ఉపరితలమునుండి ఒక్కమాఱే బహుధారలు లేచునట్లు చేసి, సూదిని సైతము పరిహరించెను. వడకుటను అనుకరించు సాధనము లొక్కొక్కటియే తొలఁగినకొలఁదియే ఈ విద్య ప్రయోగశాలను వీడి పరిశ్రమయైనది.