మారువేషం – మారుమనస్సు: దక్షిణ రాయలసీమ క్రైస్తవంలో అంతఃపరివర్తన భావన

ఉపోద్ఘాతం

క్రైస్తవ విశ్వాసం వ్యక్తి శీలాన్ని లోపలి నుండి మారుస్తుందన్నది ఆ మత బోధలోని మూలసూత్రం. ఈ సూత్రాన్ని తెలుగులో మోసుకువచ్చిన పదం 'మారుమనస్సు'. ఈ పదార్థాన్నీ, చిత్తూరు ప్రాంత మిషన్ చరిత్రనూ కలిపి పరిశీలించి, అంతఃపరివర్తనకు చరిత్రకారుడు ఏ ఆధారాన్ని అంగీకరించవచ్చునో నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదవిచారణ

'పశ్చాత్తాపం' జరిగిపోయినదాని గురించిన వేదనను తెలుపుతుంది. 'మారుమనస్సు' ముందుకు చూసే పదం. గ్రీకు మూలమైన 'మెటనోయియా'లో ఉన్నది కూడా మనస్సు మారడమే. అయితే తెలుగులో 'మారు' శబ్దానికి 'మరొక' అనే అర్థం కూడా ఉంది. మారుపేరు, మారువేషం అన్న సమాసాలలో కనిపించేది ఆ అర్థమే. వేషం మారినదా, మనస్సు మారినదా అన్న సందేహం మతాంతరీకరణ చరిత్రను మొదటినుండీ వెంటాడింది. ఆ సందేహానికి చోటు తెలుగు పదంలోనే ఉండడం గమనార్హం.

ఈ ప్రశ్న తెలుగువారికి కొత్తది కాదు. చిత్తశుద్ధి లేని బాహ్యాచారాన్ని వేమన నిరసించాడు. మిషనరీల బోధ ఇక్కడ చేరేనాటికే లోపలి శుద్ధిని బయటి ఆచారం నుండి వేరు చేసి చూసే దృష్టి ఈ సీమలో ఉంది.

ఆర్కాటు మిషన్ అనుభవం

అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చికి చెందిన ఆర్కాటు మిషన్ 1853లో స్కడర్ సోదరులచే ఏర్పడింది. చిత్తూరు దాని కేంద్రాలలో ఒకటి. జేకబ్ ఛేంబర్లేన్ 1863లో మదనపల్లె కేంద్రాన్ని ప్రారంభించాడు. నాడు కడప జిల్లాలో ఉన్న ఆ పట్టణం 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఛేంబర్లేన్ వైద్యుడు, బోధకుడు. తెలుగు బైబిలు పరిష్కరణ సంఘానికి దీర్ఘకాలం అధ్యక్షుడు. తిరుపతి, శ్రీకాళహస్తి పరిసరాలలో జర్మన్ లూథరన్లైన హెర్మన్స్‌బర్గ్ మిషన్‌వారు పనిచేశారు.

ఆర్కాటు మిషన్ కులభేదాన్ని విడనాడాలని గట్టిగా కోరింది. విగ్రహారాధన మానడం, ఆదివారాన్ని పాటించడం, చచ్చిన పశువుల మాంసం విడిచిపెట్టడం బోధకు వచ్చే కుటుంబాలకు పెట్టిన నియమాలు. మనస్సును చూడలేనివారు నడతను కొలమానంగా తీసుకున్నారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చేరినవారిలో అధికులు దళితులు. చచ్చిన పశువు మాంసం వారి శీలదోషం కాదు. పేదరికమూ, కులవ్యవస్థా వారిపై మోపిన స్థితి. దానిని విడవడాన్ని 'శీలం బాగుపడటం' అనడం బాధితునిపైనే నేరం మోపడమవుతుంది. ఆత్మగౌరవ ప్రకటనగా చదివితేనే ఆ మార్పునకు న్యాయం జరుగుతుంది.

కరువు పరీక్ష

1876–78 నాటి మహాక్షామం తరువాత చేరికలు పెరిగాయి. గంజి కోసం వచ్చారన్న విమర్శ కూడా పెరిగింది. ఈ శంక మిషనరీలకూ ఉండేది. ఒంగోలులో జాన్ క్లౌ కరువు కాలంలో బకింగ్‌హామ్ కాలువ పనిని కాంట్రాక్టుకు తీసుకొని కూలి కల్పించాడు. కాని ఆ సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు నిలిపివేశాడు. అనంతరం 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ప్రయోజనాన్నీ ప్రవేశాన్నీ వేరుచేసే ఈ ప్రయత్నం ఉద్దేశాన్ని పూర్తిగా తేల్చలేదు. అయినా ప్రశ్నను నిజాయితీగా ఎదుర్కొన్నది.

ఆధారాల పరిమితి

ఈ చరిత్రకు ప్రధానాధారాలు మిషనరీల నివేదికలే. విరాళమిచ్చే పాఠకులకోసం వ్రాసినవి గనుక వాటిలో విజయగాథలకు ప్రాధాన్యం సహజం. చేరినవారిలో అనేకులు నిరక్షరాస్యులు. వారి మాట మరొకరి కలం ద్వారానే మనకు అందింది. అందువల్ల ఒక్క సాక్ష్యకథను పట్టుకొని అంతరంగాన్ని నిర్ణయించరాదు.

అలాగని అంతఃపరివర్తనను కట్టుకథగా త్రోసివేయడమూ సరికాదు. మత్తయి సువార్త మూడవ అధ్యాయంలో బాప్తిస్మమిచ్చు యోహాను మారుమనస్సుకు తగిన ఫలాలను కోరుతాడు. ఫలానికి కాలం కావాలి. సహాయం ఆగిన తరువాత నిలిచిన నడత, పొరుగువాడు గుర్తించిన మాటనిలకడ, తరువాతి తరానికి అందిన చదువు, సంఘంలోపల కులాన్ని ఎంతవరకు వదిలారన్నది – ఇవి పరిశీలనకు అందే ఫలాలు. చివరిదానిలో క్రైస్తవ సంఘాలు సైతం పలుచోట్ల తప్పాయి.

ముగింపు

వేషం ఒక్కరోజులో మారుతుంది. మనస్సు మారినదనడానికి జీవితమంతా సాక్ష్యం కావాలి. బాప్తిస్మాల సంఖ్య చేరికల చరిత్రను చెబుతుందే తప్ప శీల చరిత్రను చెప్పదు. దక్షిణ రాయలసీమ క్రైస్తవ చరిత్రను పల్లె సంఘాల రికార్డులు, కుటుంబాల మౌఖిక కథనాలు ఆధారంగా తరాల వెంబడి వ్రాసినప్పుడే 'మారుమనస్సు' అన్న పదం ఆ ప్రజల బ్రతుకులో ఏ అర్థాన్ని సంతరించుకున్నదో తెలియగలదు.